కొరమీను పేగు స్లైడు పాడైందా? తప్పు ఎక్కడ జరిగిందో ఇలా చూడండి

సూక్ష్మదర్శినిలో చూసే స్లైడు బాగా రాకపోతే అందరూ ముందు రంగు సీసానే అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు చేపను కోసిన బల్ల దగ్గరే జరుగుతుంది.

సమస్య: పేగు మడతల కొసల్లో పైపొర ఊడిపోయి, ముక్కలు మధ్య ఖాళీలో తేలుతున్నాయి. కణాల హద్దులు మసకగా ఉన్నాయి.

చేప చచ్చాక దాని ఎంజైములు దాని పేగునే అరిగించడం మొదలుపెడతాయి. మన ఎండల్లో అరగంట ఆలస్యమైనా తేడా తెలిసిపోతుంది. ఐసులో పెట్టిన చేప వద్దు, ఫ్రీజర్‌లోది అసలే వద్దు. కొరమీను గాలి పీల్చుకుని బతుకుతుంది కాబట్టి బజారులో బతికున్నదే దొరుకుతుంది. లవంగ నూనె కలిపిన నీళ్లలో మత్తిచ్చి, వెంటనే కోయండి. పేగును అర సెంటీమీటరు ముక్కలు చేసి, వాటికి పదిహేను ఇరవై రెట్లు ఎక్కువగా 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ (కణజాలం చెడకుండా ఉంచే మందు) పోయండి. చేపను అలాగే జాడీలో పడేస్తే మందు లోపలికి చేరేలోపే పేగు పాడవుతుంది.

సమస్య: సెక్షన్ (మైనంలో పొదిగి కోసిన పలుచని పొర) మీద నిలువు గీతలు, చిరుగులు.

ఇది వేటాడి తినే చేప. మింగిన చిన్న చేపల ముళ్లు, పొలుసులు కడుపులోనే ఉంటాయి, బ్లేడు వాటికే తగులుతుంది. కోసే ముందు ఒక రోజు మేత ఆపండి. కోశాక లోపలి భాగాన్ని 0.7 శాతం ఉప్పునీటితో మెల్లగా కడగండి. అయినా గీతలు పడితే బ్లేడు మార్చండి.

సమస్య: జీర్ణాశయం అని రాసి ఉంది, గ్రంథులు కనిపించడం లేదు.

ముక్క జీర్ణాశయం చివరి (పైలోరిక్) భాగానిది కావచ్చు, అక్కడ గ్రంథులు ఉండవు. శ్లేష్మం తయారుచేసే గోబ్లెట్ కణాలు కనిపిస్తే మీరు కోసింది పేగునో, జీర్ణాశయం చివర ఉండే రెండు పైలోరిక్ సీకాల్లో (చిన్న సంచుల్లో) ఒకదాన్నో కావచ్చు. రోహు జాడీతో కలిసిపోయిందేమో కూడా చూడండి. రోహుకు జీర్ణాశయమే ఉండదు. ఈసారి ప్రతి ముక్కకూ కోసేటప్పుడే పెన్సిల్‌తో చీటీ రాసి పెట్టండి.

సమస్య: గోబ్లెట్ కణాలు ఖాళీ రంధ్రాల్లా ఉన్నాయి.

మామూలుగా వాడే రంగుల జంట హెమటాక్సిలిన్-ఇయోసిన్‌కు శ్లేష్మం సరిగా రంగు పట్టదు. పక్క సెక్షన్‌కు పీహెచ్ 2.5 దగ్గర ఆల్షియన్ బ్లూ రంగు వేయండి, నీలంగా తేలతాయి.

సమస్య: అంతటా నల్లటి, గోధుమ రంగు చుక్కలు. పాత ఫార్మలిన్ ఆమ్లంగా మారింది. రంగు వేసేముందు పిక్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో ఉంచితే పోతాయి.

తప్పే కానివి రెండున్నాయి. జీర్ణాశయ గ్రంథుల్లో ఆమ్లానికో కణం, పెప్సిన్‌కో కణం అని వెతికి టెన్షన్ పడకండి. చేపలో రెండు పనులూ ఒకే రకం కణం చేస్తుంది. అన్నవాహిక గోడలో చారల కండరం ఉండటం సహజమే. అది కనిపించిందని, ఒంటి కండ అంటుకుందనుకుని మైనపు బ్లాకు పారేసి ఉంటే మాత్రం, చెత్తబుట్ట ఖాళీ చేసేలోపు వెతికి తెచ్చుకోండి.