విడిగా ఉంటున్న తల్లిదండ్రులు: పిల్లల్ని విదేశం తీసుకెళ్లడానికి ఏయే అంగీకారాలు కావాలి

బిడ్డ పాస్‌పోర్టు చేతికొస్తే ఇక టికెట్ కొనుక్కోవడమే అనుకుంటారు చాలామంది. కానీ పాస్‌పోర్టు ఆఫీసు, వీసా ఇచ్చే దేశం, కేసు నడుస్తుంటే కోర్టు ఎవరి మటుకు వారే అంగీకారం అడుగుతారు. ఒకచోట చెల్లిన కాగితం ఇంకోచోట చెల్లకపోవచ్చు.

భారత పాస్‌పోర్టు

తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకుంటే అనెక్షర్ డి (దరఖాస్తుతో పాటు ఇచ్చే ప్రకటన) మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. 2016 డిసెంబరు మార్పుల తర్వాత ఇది తెల్ల కాగితం మీద ఇస్తే చాలు. స్టాంపు పేపరు, నోటరీ అంటూ ఎవరైనా ఖర్చు పెట్టిస్తే అది దండగే. రెండోవారు విదేశంలో ఉంటే మాత్రం వారి ప్రమాణపత్రాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపించుకోవాలి.

రెండోవారు సంతకం పెట్టనన్నా, ఎక్కడున్నారో తెలియకపోయినా, ఒక్కరే ఇచ్చే ప్రకటన అనెక్షర్ సి ఉంది. విడిగా ఉంటున్నారా, విడాకుల కేసు నడుస్తోందా, కస్టడీ తీర్పు వచ్చిందా అన్నది అందులో ఉన్నదున్నట్టు రాయాలి. కోర్టు ఉత్తర్వు ఉంటే నకలు జతచేయాలి. దరఖాస్తులు బోల్తా కొట్టేది ఇక్కడే. కేసు నడుస్తున్నా, పని త్వరగా అవుతుందని ఆ మాట దాచేస్తారు. రెండోవారు పాస్‌పోర్టు ఆఫీసుకు ఒక్క ఫిర్యాదు చేస్తే, అసలు విషయం దాచి తీసుకున్నారని పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు. పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద కేసు కూడా పెట్టవచ్చు. ఆ కాగితాన్నే ఫ్యామిలీ కోర్టులో మీకు వ్యతిరేకంగా చూపిస్తారు.

అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలు

అక్కడ పుట్టి అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలకు ఈ అనెక్షర్లు పనికిరావు. 16 ఏళ్లలోపు అయితే అమెరికా పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరి అంగీకారం ఉండాలి. రాలేనివారు డీఎస్-3053 ఫారం మీద నోటరీ ముందు సంతకం చేసి, అక్కడ చూపిన గుర్తింపు కార్డు రెండు వైపులా జిరాక్స్ తీసి పంపాలి. సంతకం చేసి 90 రోజులు దాటితే అది చెల్లదు. అపాయింట్‌మెంట్ దొరక్క ముందే గడువు తీరి, మళ్లీ ఎదుటివారిని బతిమాలుకోవాల్సి వస్తుంది. ఓసీఐ కార్డుకైతే (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) వేరే అంగీకార పత్రం కావాలి.

కన్సెంట్ లెటర్

బిడ్డ ప్రయాణానికి ఒప్పుకుంటున్నానని వెంట వెళ్లని తల్లి లేదా తండ్రి రాసిచ్చేదే కన్సెంట్ లెటర్. మన విమానాశ్రయాల్లో ఇమ్మిగ్రేషన్ వాళ్లు మామూలుగా ఇది అడగరు. వీసా దరఖాస్తులోనూ, దిగిన దేశంలోనూ అడగవచ్చు. ఆస్ట్రేలియా వీసాకైతే 1229 అనే సొంత ఫారమే ఉంది. అందుకని ముందు ఆ దేశం వెబ్‌సైట్ చూసి, తర్వాతే లెటర్ రాయించండి.

లెటర్ ఇంగ్లీషులో ఉండాలి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వెంట వెళ్లేవారెవరు, ఏ దేశం, బయలుదేరే తేదీ, తిరిగొచ్చే తేదీ, అక్కడి చిరునామా, వైద్యం విషయంలో నిర్ణయం ఎవరిది, వీసా దరఖాస్తుకు కూడా ఒప్పుకున్నట్టు ఒక వాక్యం, ఒప్పుకున్నవారి ఫోన్ నంబరు రాయించండి. తేదీలు లేకుండా ‘ఎప్పుడైనా తీసుకెళ్లవచ్చు’ అని రాయించుకుంటే సౌకర్యంగానే కనిపిస్తుంది కానీ, అధికారికి అనుమానం, రేపు తగవుకు సందు. ఈ లెటర్‌ను మాత్రం నోటరీ చేయించి, సంతకం చేసినవారి పాస్‌పోర్టు నకలు జతచేసి, రెండు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి.

మనవాళ్లకు ఎక్కువగా తగిలే చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, తల్లి మళ్లీ పుట్టింటి ఇంటిపేరుకు మారిపోయి ఉంటుంది. లెటర్‌లో అన్ని పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి.

కేసు నడుస్తుంటే

అప్పుడు ఉత్త లెటర్‌ను నమ్ముకోకండి. ఇచ్చినవారు మర్నాడే వెనక్కి తీసుకున్నామని మెసేజ్ పెట్టగలరు. ఇద్దరూ ఒప్పుకుంటే లాయర్ల ద్వారా జాయింట్ మెమో (ఇద్దరూ ఒప్పుకున్నట్టు కోర్టుకిచ్చే కాగితం) వేసి, జడ్జిగారి ఉత్తర్వులో నమోదు చేయించండి. ఒప్పుకోకపోతే అదే కేసులో అనుమతికి పిటిషన్ వేయాలి. కోర్టే గార్డియన్‌గా నియమించినవారికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 26వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం కోర్టు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించకూడదు. విదేశం సంగతి చెప్పనే అక్కర్లేదు.

పిటిషన్‌తో పాటు రానూపోనూ టికెట్ వివరాలు, ఉండే చిరునామా, స్కూలు తెరిచే తేదీ, ఇన్సూరెన్స్, తిరిగి వస్తామన్న అండర్‌టేకింగ్ (రాతపూర్వక హామీ) పెట్టండి. బిడ్డను చూసే రోజులు రెండోవారికి ఎన్ని పోతాయో లెక్క రాసి, తిరిగొచ్చాక వాటికి బదులు ఏ రోజులిస్తారో, వీడియో కాల్ ఏ టైముకి చేయిస్తారో కూడా మీరే చెప్పండి. ఎదుటి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. మన దేశం 1980 హేగ్ పిల్లల అపహరణ ఒప్పందంలో (ఒకరు దేశం దాటించిన బిడ్డను వెనక్కి పంపించాలన్న దేశాల మధ్య ఒప్పందం) చేరలేదు కాబట్టి, అమెరికా కోర్టులో ఇండియాకు అనుమతి అడిగితే ‘తిరిగి తీసుకురాకపోతే?’ అన్న ప్రశ్న రాకుండా ఉండదు. కోర్టు బాండ్ (తిరిగొస్తామన్నదానికి పూచీకత్తు) అడగవచ్చు, సిద్ధంగా ఉండండి.

వేసవి ప్రయాణమైతే జనవరిలోనే పిటిషన్ వేయాలి. నోటీసు, కౌంటర్ (ఎదుటివారి జవాబు), వాదనలకు నెలలు పడతాయి. మేలో జిల్లా కోర్టులకు సెలవులు. అనుమతి రాకముందే రీఫండ్ లేని టికెట్ కొని ‘డబ్బు పోతుంది’ అంటే కోర్టు కరగదు.

తీసుకెళ్లిపోతారేమోనని భయపడేవారు

బిడ్డను దేశం దాటించకుండా, పాస్‌పోర్టు కోర్టులో ఉంచేలా మధ్యంతర ఉత్తర్వు కోరండి. వచ్చిన ఉత్తర్వు నకలు పాస్‌పోర్టు ఆఫీసుకు ఇచ్చి, చేరినట్టు రశీదు తీసుకోండి. బిడ్డ అమెరికా పౌరుడైతే డీఎస్-3077 ఫారంతో అక్కడి విదేశాంగ శాఖ అలర్ట్ కార్యక్రమంలో పేరు నమోదు చేయించవచ్చు. బిడ్డ పేరిట పాస్‌పోర్టు దరఖాస్తు పడితే మీకు కబురు వస్తుంది. అయితే ఇప్పటికే చేతిలో ఉన్న పాస్‌పోర్టుతో విమానం ఎక్కితే దీనివల్ల ఆగదు. దానికి కోర్టు ఉత్తర్వే కావాలి.