పాత కారు బ్యాటరీ ఛార్జి అవడం లేదా? డైనమో విప్పే ముందు ఎర్త్ చూడండి

పొద్దున్నే సెల్ఫ్ కొట్టకపోతే, అమలాపురం నుంచి నరసాపురం దాకా ఎవర్నడిగినా ఒకటే మాట: బ్యాటరీ పోయింది, మార్చేయండి. కొత్తదీ వారం తిరక్కుండా దిగిపోతే అప్పుడు డైనమో (బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు) మీద పడతారు. ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ని ఇంజనుకీ బాడీకీ కలిపే దారి, మీటరు పెట్టి చూసేవాళ్ళే కనపడరు.

డిజిటల్ మల్టీమీటరు, స్పానర్లు, గరుకు కాగితం చాలు. ముందు బెల్టు: రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటరు లొంగాలి. తర్వాత తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా, ఎర్ర బ్యాటరీ లైటు వెలుగుతోందా చూడండి. చాలా పాత కార్లలో డైనమోకి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడితే మంచి డైనమో కూడా ఛార్జి ఇవ్వకపోవచ్చు.

రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 దగ్గరుంటే సగం ఖాళీ, బయట ఛార్జి పెట్టించాకే మిగతా పని. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 రావాలి. 15 దాటితే, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయినట్టే.

13 కూడా దాటలేదా? ఆగండి, డైనమో జోలికి వెళ్ళకండి. అందరూ తప్పేది ఇక్కడే.

మీటరు ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలోనే ఉందో లేదో రెండోసారి చూడండి. ఆంపియర్ల రంధ్రంలో ఉంటే షార్టే. కండువా, లోహపు వాచీ తీసేయండి, వేలాడే చొక్కా చేతులు పైకి మడవండి. ఇంజను కాస్త రేజ్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయరు వేయించండి. లోడు లేకుండా చూస్తే లోపం బయటపడదు. ఒక ప్రోబ్ (మీటరు వైరు చివరి సూది) డైనమో బాడీకి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి ఆనించండి. క్లాంపుకి కాదు, సీసపు బుడిపెకే. క్లాంపు మీద పెడితే అసలు దొంగని వదిలేసినట్టే. 0.2 వోల్టులు మించితే ఎర్త్ దారి బాగోలేదు. అలాగే డైనమో వెనక లావు వైరు బోల్టు నుంచి బ్యాటరీ పాజిటివ్ బుడిపెకి చూడండి, 0.3 మించకూడదు. ఆ బోల్టు దగ్గర ప్రోబ్ జారి బాడీకి తగిలితే నిప్పులే.

మన కోనసీమ తేమకీ, సముద్రపు ఉప్పుగాలికీ ఎర్త్ వైరే ముందు పోతుంది. పైన రబ్బరు నున్నగానే ఉంటుంది. బోల్టు విప్పి ఐలెట్ (వైరు చివరి రింగు) దగ్గర చీల్చి చూస్తే రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, పొడిలా రాలతాయి. వరద నీళ్ళలో నిలబడిన బండైతే అనుమానమే అక్కర్లేదు, మార్చేయండి. ఇంజను ఆపి, నెగటివ్ ముందు విప్పి, ఐలెట్ కూర్చునే చోటుని ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించండి. బిగించాకే వాజలీన్ రాయాలి, ముందు కాదు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది" అనే పరీక్ష ఎవర్నీ చేయనివ్వకండి. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీకి డైనమోలోని డయోడ్లు (కరెంటుని ఒకే దిక్కుకి పంపేవి), రెగ్యులేటరు, ఇంజెక్షన్ బండైతే ఈసీయూ (ఇంజనుని నడిపించే కంప్యూటరు) కూడా కాలిపోవచ్చు.

ఈ రెండు దారులూ శుభ్రంగా ఉండి కూడా 13 దాటకపోతే, అప్పుడు డైనమో దించండి. దించినా కొత్తది కొనకండి: కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో, రెగ్యులేటరు, డయోడ్లు బాగున్నాయో లేదో ఎదురుగా నిలబడి విప్పించి చూడండి. బండితో వచ్చిన డైనమో బాగు చేయించుకోవడమే మేలు.