ఎండలు ముదరక ముందే: వెండి కార్బీన్ ప్రయోగాలకు జాగ్రత్తలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షాలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ ఎండల్లోనే వెండి కార్బీన్లను (కార్బీన్ అనే కర్బన భాగం వెండికి అతుక్కున్న సమ్మేళనాలను) తయారుచేసి, బాక్టీరియాపై పరీక్షించే ప్రాజెక్టు పూర్తి చేయాల్సిన మన తెలుగు ఎమ్మెస్సీ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. 1998లో వాంగ్, లిన్ ప్రకటించిన పద్ధతిలో ఇమిడజోలియం లవణం (కార్బీన్‌కు మూలమైన కర్బన లవణం) రెండు మోల్‌లకు సిల్వర్ ఆక్సైడ్ ఒక మోల్ చొప్పున డైక్లోరోమీథేన్‌లో కలిపి, గది ఉష్ణోగ్రత వద్ద, వెలుతురు సోకకుండా కలియబెడతారు. ఆ ద్రావణి 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఏసీ లేని మన ల్యాబులో మధ్యాహ్నపు వేడి ఈ పద్ధతి చెప్పే గది ఉష్ణోగ్రత కానే కాదు.

అందువల్ల చర్యను తెల్లవారుజామున, చల్లని నీటి తొట్టెలో, ఫ్యూమ్ హుడ్ (ఆవిరులను బయటికి లాగేసే గూడు) కింద మొదలుపెట్టండి. ఫ్లాస్కును గట్టిగా బిరడా బిగించి వదలకండి. పల్చని నైట్రైల్ గ్లౌజుల గుండా ఈ ద్రావణి నిమిషాల్లోనే చొచ్చుకుపోతుంది. చుక్క పడితే వెంటనే మార్చుకోవాలి. అల్యూమినియం రేకు చుట్టడం మరిచిపోతే తెల్లటి ఘనపదార్థం సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది; అలాంటి నమూనాను పరీక్షకు పంపకండి.

అన్నిటికన్నా నేను భయపడేది గాజుసామాను కడిగే చోటుకే. ఫ్లాస్కు గోడకు పట్టిన గోధుమరంగు ఆక్సైడ్ అమ్మోనియాతో చక్కగా కరుగుతుంది, నిజమే. కానీ ఆ ద్రావణాన్ని మరునాటికి ఉంచితే సిల్వర్ నైట్రైడ్ ఏర్పడి, కాస్త కదిలినా పేలవచ్చు. ఎండల్లో అంచున ఆరిపోయిన నల్లని చార మరీ ప్రమాదకరం. కాబట్టి అమ్మోనియా జోలికే పోకండి. సజల నైట్రికామ్లంతో కడిగి, ఉప్పునీటితో క్లోరైడుగా అవక్షేపించి విడిగా భద్రపరచండి. ఆ ఆమ్లంలో ఆల్కహాల్ మాత్రం కలపకూడదు. వెండి, నైట్రికామ్లం, ఆల్కహాల్ కలిస్తే పేలుడు స్వభావం గల ఫల్మినేట్ పుట్టే అవకాశముంది.

తయారైన సమ్మేళనం బాక్టీరియాను చంపుతుందో లేదో చూసే సూక్ష్మజీవుల పరీక్షలో మరో చిక్కు ఉంది. పోషక మాధ్యమంలోని క్లోరైడు వెండిని అవక్షేపంగా దించితే ఆ మసకను బాక్టీరియా ఎదుగుదలగా పొరబడతాం. అందుకే బాక్టీరియా లేని గొట్టాన్నీ, నమూనాను కరిగించే ద్రావణి డీఎంఎస్‌ఓను ఒక్కదాన్నే, ఇమిడజోలియం లవణాన్నీ, సిల్వర్ నైట్రేటునూ పక్కనే పోల్చి చూడాలి. పొడవైన కార్బన్ గొలుసులున్న ఇమిడజోలియం లవణాలు తామే బాక్టీరియాను చంపగలవు. శీతలీకరణ లేని ఇంక్యుబేటర్ (బాక్టీరియాను పెంచే పెట్టె), గది 42 డిగ్రీలున్నప్పుడు 37 దగ్గర నిలవదు. లోపల ఉష్ణమాపకం పెట్టి రోజుకు మూడుసార్లు రాసుకోండి. బాక్టీరియా పెంచిన గొట్టాలను, పళ్లేలను 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడిలోని ఆవిరితో సూక్ష్మజీవులను చంపిన) తర్వాతే పారవేయండి.