పోలీసులమని ఫోనొస్తే ముందు కట్ చెయ్యండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పిన్నికి మొన్న ఫోన్, మీ పేరుమీద డ్రగ్స్ పార్సిల్ దొరికింది, వీడియో కాల్ కట్ చేస్తే అరెస్టే అని. హిందీలో మొదలెట్టి, ఆవిడ తడబడగానే శుభ్రంగా తెలుగులోకి దిగాడట, కాబట్టి మన భాష మాట్లాడాడు కదా అని నమ్మేయకండి. ఇలా వీడియో కాల్‌లోనే కూర్చోబెట్టి చేసే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది చట్టంలోనే లేదు. అనుమానముంటే స్టేషన్‌కి మీరే వెళ్లి అడగండి.

డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ అడిగిందంటే పోతున్నట్టే. కొరియర్ వాడినని చెప్పి స్టార్ 401తో మొదలయ్యే నంబరు కొట్టమంటే కొట్టకండి, మీ కాల్స్ వాడికి మళ్లిపోవచ్చు (ఓటీపీ చెప్పే కాల్ కూడా!). కొట్టేశారా, ##002# డయల్ చెయ్యండి, చాలా నెట్‌వర్కుల్లో ఆ మళ్లింపు రద్దవుతుంది.

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఒడిశాలోనూ అదే నంబరు, లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకోండి.