ఇంటర్వ్యూ బట్టలు: కొన్ని రోజుల ముందే చూసుకోవాల్సినవి

కొత్త చొక్కా మడత ఇంటర్వ్యూ పొద్దున విప్పకండి. ప్యాకింగ్ గీతలు ఒక్క ఇస్త్రీకి పోవు, కాలర్ కింద గుండుసూది మిగిలిపోతుంటుంది. రెండు రోజుల ముందే ఉతికి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి.

- వేసుకుని కుర్చీలో కూర్చోండి. నిలబడితే అసలు సంగతి తెలియదు. బొత్తాల మధ్య సందు విచ్చుకుంటే సైజు చిన్నదే. కాలర్ బొత్తం పెట్టాక లోపల రెండు వేళ్లు పట్టాలి.
- తెలుపు లేదా బాగా ముదురు రంగు మేలు. బూడిద రంగు మీద చంకల్లో చెమట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియన్ కన్నా ఒంటి రంగుదైతే బయటికి తెలియదు.
- బెల్టు, బూట్లు ఒకే రంగు. కొత్త బూట్లను నాలుగు రోజుల ముందునుంచే రోజూ గంటసేపు ఇంట్లో వేసుకోండి, లేకపోతే మడమ ఒరుసుకుంటుంది.
- చీరైతే కొంగు మడతలు పెట్టి భుజం దగ్గర పిన్ను. సర్టిఫికెట్ల ఫైలు చేతిలో ఉంటుంది, జారే కొంగును సర్దుకునే తీరిక ఉండదు. దుపట్టాకూ అంతే.
- బైక్ మీద వెళ్తే దువ్వెన, చేతిరుమాళ్లు రెండు: ఒకటి చెమటకు, ఒకటి బూట్ల దుమ్ముకు.
- సెంటు వద్దు. చిన్న ఏసీ గదిలో ఘాటుగా ఉంటుంది.