ఇంటిల్లిపాదికీ సరిపోయే పవర్‌ఫుల్ ఎస్‌యూవీ – 4వ పాఠం: స్పోర్ట్ మోడ్ ఆపేసి నడపండి

పోయిన పాఠంలో రెండు పనులు చెప్పాను. పవర్‌ని బరువుతో భాగించి టన్నుకు ఎన్ని పీఎస్ (హార్స్‌పవర్ లాంటిదే, పవర్ కొలత) వస్తాయో చూడమన్నాను, తర్వాత ఒక టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లి రమ్మన్నాను. మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఇవాళ బ్రేకుల గురించి చెప్పాల్సింది, కానీ దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా, ఎందుకంటే చాలామంది ఒకే చోట తప్పారు, అది సరిచేయకుండా ముందుకెళ్తే బ్రేకుల పాఠం కూడా ఎక్కదు.

ముందు చిన్న తప్పు. ఎలక్ట్రిక్ బండ్లకి పవర్ కిలోవాట్లలో ఇస్తారు. కొందరు దాన్నే పీఎస్ అనుకుని భాగించేశారు. 1.36తో గుణించండి, 150 కిలోవాట్లంటే 204 పీఎస్.

రెండోది, అందరూ ఖాళీ బండి బరువే తీసుకున్నారు. లెక్క కోసం 1,800 కిలోల బండి, 200 పీఎస్ అనుకుందాం. టన్నుకు 111. అందులో మనిషికి 65 కిలోల చొప్పున ఏడుగురు ఎక్కి, ఇంకో 65 కిలోల సామాను పెడితే 2,320 కిలోలు. టన్నుకు 86కి పడిపోయింది. అంటే షోరూమ్ దగ్గర మీరు నడిపిన బండి వేరు, దసరాకి అందరినీ ఎక్కించుకుని ఊరెళ్లే బండి వేరు. కానీ టెస్ట్ డ్రైవ్‌కి మీలో దాదాపు అందరూ ఒంటరిగానే వెళ్లారు. పక్కన సేల్స్ అబ్బాయి, స్పోర్ట్ మోడ్ (కాలు వేయగానే బండి చురుగ్గా ఎగిసేలా చేసే సెట్టింగ్), ఖాళీ సర్వీస్ రోడ్డు. మియాపూర్ నుంచి ఒకాయన రాసింది ఒకటే లైను: "0 నుంచి 100 అదిరిపోయింది సార్."

ఈ 0–100 గురించి, అంటే ఆగి ఉన్న బండి 100 కిలోమీటర్ల వేగం అందుకునే టైము గురించి, ఇవాళ కాస్త గట్టిగానే చెప్తాను. ఆ పరీక్షలో యాక్సిలరేటర్ మీద కాలు మొదటి నుంచి చివరి దాకా నొక్కే ఉంటుంది, ఇంజిన్ ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే (ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) తిరుగుతుంది. ఇంట్లోవాళ్లతో మీరు అలా నడపరు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో తాపీగా వెళ్తుంటే పై గేరులో చాలా బండ్ల ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం లోపే ఉంటుంది. అక్కడ పవర్ ఎంతో తెలుసుకోడానికి నేను వాడే షార్ట్‌కట్ ఇది: ఎన్ఎంని (టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, దాని కొలత) ఆర్‌పీఎంతో గుణించి 7000తో భాగించండి, పీఎస్ వచ్చేస్తుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ700 పెట్రోల్ తీసుకోండి. కాగితం మీద 200 పీఎస్, అది 5000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 380 ఎన్ఎం, 1750 నుంచి 3000 దాకా. 1750 దగ్గర ఎంత? 380 × 1750 ÷ 7000 = 95. మీరు డబ్బు కట్టింది రెండు వందలకి, లారీని దాటడానికి కాలు వేసిన క్షణంలో చేతిలో ఉన్నది సగం కూడా కాదు. అదే బండి డీజిల్ ఆటోమేటిక్ 450 ఎన్ఎం, 1750 దగ్గర 112 పీఎస్, 2800కి వచ్చేసరికి 180. కాగితం మీద పెట్రోల్ కన్నా 15 పీఎస్ తక్కువే, 185. ఐనా రోజువారీ వాడకానికి నా మొగ్గు డీజిల్, టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనె ద్వారా శక్తి అందించే ఆటోమేటిక్) గేర్‌బాక్స్ వైపే. హ్యుందాయ్ క్రెటా ఎన్ లైన్ 253 ఎన్ఎం, 1500 దగ్గర లెక్క మీరే వేయండి.

మిగతా సగం రావాలంటే గేర్‌బాక్స్ రెండు గేర్లు దిగాలి, టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టే పరికరం) ఊపందుకోవాలి. ఆ ఆలస్యం ఏ బ్రోషర్‌లోనూ రాయరు, 0–100 టైములోనూ కనపడదు. మీరు కొలవాల్సింది దాన్నే. 60లో నిలకడగా వెళ్తూ, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు కాలు పూర్తిగా వేసి, బండి నిజంగా ముందుకు లాగేదాకా మనసులో ఒకటీ, రెండూ లెక్కపెట్టండి. రెండు దాటితే నాకు నచ్చదు. తర్వాత ఇంకోలా చేయండి: ముందు సగం కాలు వేసి గేరు దిగనివ్వండి, అది దిగాక మిగతా సగం. తేడా మీకే తెలుస్తుంది. నేనెప్పుడూ ఇలాగే ఓవర్‌టేక్ చేస్తాను.

ఇది వెనక కూర్చున్నవాళ్లకీ అవసరమే. ఒకసారి యాదగిరిగుట్ట వెళ్తుంటే డిక్కీలో సంచి మూతి ఊడి కొబ్బరికాయ బయటికి దొర్లింది. నేను కాలు వేస్తే రెండు క్షణాలు ఏమీ ఉండదు, తర్వాత బండి ఒక్కసారిగా ఎగిసి ఆ కాయ డిక్కీ తలుపుకి ఠక్కున తగిలేది. మధ్య సీట్లోంచి అమ్మ, "ఎందుకురా అంత ఊపు, కడుపులో తిప్పుతోంది" అంది. ఇంటికొచ్చేదాకా సగం కాలుతోనే నడిపాను, కాయ మెల్లగా దొర్లింది తప్ప శబ్దం రాలేదు, అమ్మ నిద్రపోయింది. అప్పట్నుంచి టెస్ట్ డ్రైవ్‌కి ఒక కొబ్బరికాయ తీసుకెళ్లి డిక్కీలో వదిలేస్తాను.

చక్రాల గురించి ఒక్క మాట: 20 అంగుళాలు చూడటానికి బాగుంటాయి, కానీ టైరు గోడ సన్నబడుతుంది, వాన పడ్డాక మన గుంతలకి రిమ్ము వంగుతుంది. నేను 18 దగ్గరే ఆగుతాను.

ఈసారి అభ్యాసం కొంచెం కష్టమైనదే. కనీసం నలుగురితో, డిక్కీలో ఒక కొబ్బరికాయ వదిలి, మధ్యాహ్నం, ఏసీ ఫుల్‌లో, నార్మల్ మోడ్‌లో నడపండి. నార్సింగి దగ్గర ర్యాంపు ఎక్కి ఔటర్‌లో కలవండి, అక్కడ కుడివైపు లేన్లలో గరిష్ఠ వేగం 120, మీరు 100 దాటక్కర్లేదు. 60 నుంచి 100కి మూడుసార్లు పూర్తి కాలుతో, మూడుసార్లు సగం కాలుతో వెళ్లి, ప్రతిసారీ ఎంత లెక్కపెట్టారో, కాయ తగిలిందా దొర్లిందా, వెనకున్నవాళ్లతో రాయించండి. తిరిగొచ్చాక మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద సగంలో ఆపి, మళ్లీ కదిలించి, మీ పిల్లర్ పక్కన పార్క్ చేయండి. ఇంట్లో రెండో డ్రైవర్ ఉంటే ఆ చివరి పని వాళ్లతో చేయించి, ఎన్నిసార్లు రివర్స్ వేయాల్సి వచ్చిందో కూడా రాసి ఆదివారం రాత్రిలోపు పంపండి.