డార్ట్‌మూర్ నీళ్లు: ఎక్కడ దిగాలి, ఎక్కడ ఒడ్డునే ఆగాలి

ముందే చెప్పేస్తాను. డార్ట్‌మూర్‌లో కంటికి నిండుగా కనిపించే పెద్ద నీళ్లు చూడటానికే. దిగడానికి పనికొచ్చేవి చిన్నవి, రోడ్డు మీద నుంచి కనపడవు, కాస్త నడిస్తే గాని దొరకవు. ఈ తేడా తెలియక మనవాళ్లు చాలామంది లండన్ నుంచో బర్మింగ్‌హామ్ నుంచో తువ్వాళ్లు సర్దుకుని వస్తారు. జలాశయం దగ్గర ఈత నిషేధమని రాసిన బోర్డు చదువుకుని, ఐస్‌క్రీము తిని వెళ్లిపోతారు.

నేను ప్లిమత్‌లో నర్సును. పదకొండేళ్లుగా సెలవు దొరికితే ఇటే వస్తాను. ఈత నేర్చుకున్నది మాత్రం గుంటూరు జిల్లాలో మా తాతగారి మోటబావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని. ఇక్కడ ఈతగాళ్లు నారింజ రంగు గాలి బుడ్డి ఒకటి నడుముకు తగిలించుకుని వెనకాల లాక్కుంటూ ఈదుతారు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. మా సొరకాయ బుర్ర సముద్రం దాటి ప్లాస్టిక్ అయింది, అంతే. మీరూ ఒకటి కొనుక్కోండి. దూరం నుంచి మనిషి ఎక్కడున్నదీ తెలుస్తుంది, అలిసిపోతే పట్టుకుని తేలవచ్చు.

డార్ట్‌మూర్ ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్‌లో ఉంది. 954 చదరపు కిలోమీటర్ల ఎత్తయిన పొదల నేల. ఇలాంటి నేలను మూర్ అంటారు. 1951లో జాతీయ ఉద్యానవనం చేశారు. గడ్డి, హీదర్ పొదలు, గుట్ట నెత్తిన గ్రానైట్ బండల గుంపు. ఆ గుంపును టోర్ అంటారు. హైదరాబాదు చుట్టూ పేర్చినట్టుండే బండలు చూసినవాళ్లకు ఇవి కొత్తగా అనిపించవు, కాకపోతే ఏడాదంతా తడిసి నాచు పట్టి ఉంటాయి. బండ మీద పీట్ అనే నల్లమట్టి ఉంటుంది, కుళ్లీ కుళ్లని నాచు వేల ఏళ్లుగా పేరుకున్నది. వాన దాని గుండా ఊరి వస్తుంది కాబట్టి వాగుల్లో నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి. అది మురికి కాదు. దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉంటాయి. మోకాలి లోతులో తేనె రంగు, నిలువు లోతులో నలుపు. చిక్కేమిటంటే నడుం లోతుకూ రెండు నిలువుల లోతుకూ కంటికి తేడా తెలియదు. అందుకని నేను చేతికర్ర లేకుండా ఏ గుంట దగ్గరకూ వెళ్లను. కర్ర తగలని చోట దూకే ప్రశ్నే లేదు.

ఇక్కడ చెప్పుకోదగ్గ సహజ సరస్సు ఒక్కటీ లేదు. నిలిచిన నీళ్లన్నీ దాదాపు మనుషుల పనే. ఊళ్ల దాహం కోసం కట్టిన ఆనకట్టలు కొన్ని, తగరం కోసమో రాయి కోసమో తవ్వి వదిలేసిన గోతులు కొన్ని.

ఆనకట్టల్లో బరేటర్‌తో మొదలుపెట్టండి. 1898లో ప్లిమత్ నీటి కోసం కట్టారు, 1928లో ఎత్తు పెంచారు. అంతకు మూడు వందల ఏళ్ల ముందు, 1591లో, ఫ్రాన్సిస్ డ్రేక్ ఇదే మీవీ నది నుంచి కాలువ తవ్వించి ఊరికి నీళ్లు తెచ్చాడు. ఆ కాలువ మొదలైన చోటు ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. చుట్టూ చిన్న రోడ్డు ఉంది, పిల్లలతో తీరిగ్గా రెండు గంటలు నడవవచ్చు. పక్కనే షీప్స్‌టోర్ అనే చిన్న ఊరి చర్చి ఆవరణలో బోర్నియో దీవిలో సరావాక్‌ను ఏలిన ఇంగ్లీషు ‘తెల్ల రాజా’ల సమాధులున్నాయి. మొదటి రాజా జేమ్స్ బ్రూక్ పుట్టింది మన దేశంలో, ఏలింది బోర్నియోలో, పడుకున్నది ఈ మూల.

రెండోది ఫర్న్‌వర్దీ. 1942లో పూర్తయింది. చుట్టూ పైన్ తోట. బాగా ఎండిన వేసవిలో నీరు తగ్గితే మునిగిన పాత గోడలు, రాతిపలకల వంతెన బయటపడతాయి. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి తేలడం చూసినవాళ్లకు ఆ దృశ్యం ఎలా ఉంటుందో చెప్పక్కరలేదు. మెల్డన్ ఆనకట్ట 1972 నాటిది, గాలి ఎక్కువ. ఎవన్ ఆనకట్టకు షిప్లీ బ్రిడ్జ్ నుంచి నది పక్కనే నడక, ఆ నడకే అసలు సుఖం.

వీటిలో దిగకండి. అది తాగేనీరు కావడం ఒక కారణం. గట్లు నిటారుగా ఉంటాయి, జారితే పైకి పాకడానికి పట్టు దొరకదు. పైన గోరువెచ్చగా అనిపించినా నాలుగు అడుగుల కింద నీరు కొరికేస్తుంది. తూముల దగ్గర నీరు లోపలికి లాగడం పైకి కనిపించదు. వేసవి చివర్లో ఆకుపచ్చ నురగ తేలితే కుక్కను కూడా దగ్గరకు పోనివ్వకండి, ఆ నాచు విషం.

ఇక దిగే చోట్లు. బరేటర్ ఎగువన నార్స్‌వర్దీ బ్రిడ్జ్ దగ్గర కారు వదిలి, ప్రిన్స్‌టౌన్ వైపు ఎక్కే మట్టిదారి పట్టుకుంటే ముప్పావు గంటలో క్రేజీవెల్ పూల్ వస్తుంది. వస్తుందనడం తేలిక. గట్టు మీదికి ఎక్కేవరకూ అక్కడ నీళ్లున్నట్టు ఆనవాలే ఉండదు. మొదటిసారి నేను దాన్ని దాటిపోయి వెనక్కి వచ్చాను. ఎకరం లోపు గుంట, తగరం తవ్వినవాళ్లు వదిలేసింది. దీనికి అడుగే లేదని పూర్వం నమ్మేవారు. వాకమ్‌టన్ చర్చి గంట తాళ్లన్నీ ముడివేసి వదిలినా నేల తగల్లేదని కథ. అసలు లోతు అయిదు మీటర్లకు కాస్త అటూ ఇటూ. వేసవి నడిమి రాత్రి ఆ ఏడు పోయేవాళ్ల పేరు నీళ్లలోంచి వినిపిస్తుందని ఇంకో కథ. నేను పగలే వెళ్తాను. ఒడ్డు ఒక పక్క వాలుగా ఉంటుంది, అటే దిగండి, ఎత్తు గట్టు వైపు నుంచి కాదు.

నాకు ప్రాణం షారా పూల్. డార్ట్ నది మీద న్యూ బ్రిడ్జ్ నుంచి (పేరుకే కొత్త, కట్టింది పదిహేనో శతాబ్దంలో) హోల్న్ అడవి బాటలో ఎగువకు గంట లోపు నడక. ఓక్ చెట్ల మధ్య పొడవాటి మడుగు, ఎగువ చివర రాళ్ల సందులోంచి నీళ్లు ఉరికి వస్తుంటాయి.

ఆ మడుగులోనే నాకు బుద్ధి వచ్చింది. మే నెల, మంచి ఎండ. చేతిలో థర్మామీటరు 12 డిగ్రీలు చూపిస్తోంది. మోటబావిలో దూకినదాన్నని ధైర్యం, బండ మీద నుంచి దూకేశాను. ఛాతీ మీద ఎవరో పలక పెట్టి నొక్కినట్టయింది. ఊపిరి లోపలికి వస్తోంది, బయటికి పోవడం లేదు. అరవబోతే కుక్క అరుపు లాంటి శబ్దం వచ్చింది. ఏళ్ల తరబడి రోగులకు చెప్పిన మాటలన్నీ తెలిసి కూడా చేతులు కొట్టుకుంటూనే ఉన్నాను. చివరికి వెల్లకిలా తిరిగి, చెవులు నీళ్లలో ముంచి, ఆకాశం చూస్తూ తేలాను. నిమిషంలో ఊపిరి దారికొచ్చింది. ఒడ్డుకొచ్చాక చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి వేళ్లు కదల్లేదు, మా ఆయన పెట్టాడు. పావుగంట తరువాత అసలు వణుకు మొదలైంది.

అందుకని పద్ధతి ఇది. దూకకండి, నడుచుకుంటూ దిగండి. మెడ మీద, ముఖం మీద నీళ్లు చల్లుకోండి. నడుం లోతులో నిలబడి ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉండండి. మాట్లాడగలిగితే ఈదవచ్చు. ఉక్కిరిబిక్కిరైతే ఈదడానికి ప్రయత్నించకండి, తేలండి. మొదటిసారి అయిదు నిమిషాలు చాలు. ఒంటరిగా వద్దు, ఒడ్డున గడియారం చూసే మనిషి ఒకరుండాలి. బయటికి వచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కొంతసేపు తగ్గుతూనే ఉంటుంది. కాబట్టి ముందు పొడిబట్టలు, ఉన్ని టోపీ, ఆ తరువాతే ఫొటోలు. వెంటనే కారు నడపకండి, వేడినీళ్ల స్నానానికి పరుగెత్తకండి.

నది అయితే ఇంకో పరీక్ష. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పది నిమిషాలు చూడండి. పుల్ల మునుగుతుంటే మూట సర్దేయండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన మూర్ మీద వాన పడి ఉండవచ్చు. డార్ట్ గబుక్కున పొంగుతుంది. ఏడాదికో గుండె అడుగుతుందని ఆ నది మీద ఇక్కడి పాత సామెత. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ నదుల మట్టాలను ఇంటర్నెట్‌లో పెడుతుంది, బయల్దేరే ముందు చూసుకోండి.

బట్టల సంగతి మన ఆడవాళ్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మెడ నుంచి మడమల దాకా కప్పే రబ్బరు సూటు దొరుకుతుంది. చలికీ పనికొస్తుంది, మొహమాటానికీ పనికొస్తుంది. కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి, గ్రానైట్ మీద నాచు పచ్చి సబ్బు.

పటంలో ‘పూల్’ అని ఉంటే నీళ్లుంటాయని నమ్మకండి. ఉత్తర మూర్ నడిబొడ్డున క్రాన్‌మియర్ పూల్ అనే చోటుంది. 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపే ఆయన, వచ్చినవాళ్లు తమ చీటీలు వేయడానికి అక్కడ ఒక సీసా పెట్టాడు. మూర్ మీద పెట్టెలు దాచి వెతికే ఆట దానితోనే మొదలైంది. నీళ్లు మాత్రం లేవు, బురద. మెత్తటి లేత పచ్చ నాచు పరుపులా కనిపిస్తే దాని మీద అడుగు వేయకండి, కింద ఊబి. ఉత్తరాన సైన్యం కాల్పుల మైదానాలున్నాయి. ఎర్రజెండా ఎగురుతుంటే ఆ హద్దు దాటకూడదు. కాల్పుల తేదీలు ముందే ప్రకటిస్తారు. ఫోను సిగ్నల్ మీద ఆశ వద్దు, ఆర్డ్‌నెన్స్ సర్వే ఓఎల్ 28 కాగితం పటం, దిక్సూచి తీసుకెళ్లండి. ప్రమాదమైతే 999కు ఫోను చేసి ముందు పోలీసులను, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. గడ్డిలో కూర్చున్న రోజు ఇంటికి వెళ్లి మోకాళ్ల వెనక, చంకల్లో చూసుకోండి. పశువులకు పట్టే పిడుదుల్లాంటివి ఇక్కడ మనుషులనూ పట్టుకుంటాయి. మూర్ మీద తిరిగే పొట్టి గుర్రాలకు రొట్టె పెట్టకండి, అలవాటుపడి రోడ్డు మీదికి వస్తాయి.

కొత్తవాళ్లు జులై, ఆగస్టుల్లో రండి. పొద్దున్నే వస్తే న్యూ బ్రిడ్జ్ దగ్గర కారుకు చోటు దొరుకుతుంది, పదకొండు దాటితే కష్టం. ఫ్లాస్కులో టీ కన్నా మిరియాల చారు మేలని నా అనుభవం. పోయిన ఏడు మా అమ్మ వచ్చినప్పుడు షారా ఒడ్డున శాలువా కప్పుకుని ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గడియారం చూసే పని ఆమెకే ఇచ్చాను. ఏడు నిమిషాలు కాగానే, తాతగారి బావి గట్టు మీద నుంచి పిలిచినట్టే, ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచింది. అవతలి ఒడ్డున ఉన్న తెల్లవాళ్లు ఇద్దరు కూడా బయటికి వచ్చేశారు. చారు వాళ్లకూ పోసింది.